చదవడానికి వీలుకాని వాక్యం

ఆ రోజు ఆమె చెయ్యాల్సిన పనులివి. పాలు కాచాలి. పిల్లకి జడ వేసి, తినడానికి డబ్బా సర్దాలి. అత్తగారి మోకాళ్లకి మందు రాయాలి. ఆయన చొక్కా కాలరు మళ్లీ ఉతకాలి, నిన్న మురికి సరిగ్గా పోలేదన్నాడు. ఎనిమిదిన్నర బస్సు అందుకోవాలి. ఆఫీసులో ఆ హత్య కేసు తాలూకు మిగిలిన నలభై పేజీలూ టైపు చేసి అప్పగించాలి. ఆరింటికల్లా ఇల్లు చేరి అత్తగారికి మాత్ర వెయ్యాలి, పొయ్యి వెలిగించాలి.

అన్నీ చేసింది. ఒక్క వాక్యం తప్ప.

ఆమె పై కోర్టులో టైపిస్టు. వాళ్లింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి. కింది కోర్టులో పెద్ద శిక్ష పడ్డవాడు అప్పీలు చేసుకుంటే, ఆ కేసు కాగితాలన్నీ వరసగా టైపు చేసి ఒక పుస్తకంగా కుట్టించడం ఆమె సెక్షన్ పని. పై కోర్టు జడ్జీలు సాక్షుల్ని చూడరు. ఏడ్చినవాళ్ల ఏడుపు వినరు. ఆ పుస్తకం చదివే, వేసిన శిక్ష సరైనదా, ఎక్కువైందా అని తేలుస్తారు. అందులో లేనిది జరగనట్టే.

ఆ కేసులో ఒక భర్త భార్యని చంపాడు. యావజ్జీవం పడింది. "పనినుంచి ఆకలితో వచ్చాను. వంట చెయ్యకుండా కూర్చుంది. మాటామాటా పెరిగింది, ఆవేశంలో ఏం చేశానో తెలీదు" అన్నది అతని మాట. కింది కోర్టు జడ్జి దాన్ని ఒక్క ముక్కలో కొట్టేశాడు: "ఆ ఇంట్లో కనబడినవి చూశాక ఈ మాట నమ్మలేను." ఏం కనబడ్డాయో, హత్య జరిగిన కాసేపటికే పోలీసులు ఆ ఇల్లు చూసి రాసిన కాగితంలో ఉంది. ఆమె చేతికొచ్చిన నకలులో సరిగ్గా అక్కడే సిరా అలుక్కుపోయింది. అలాంటప్పుడు కింద రికార్డు గదికి వెళ్లి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, అసలు కాగితం తీయించి చూడాలి. గంట పడుతుంది. అప్పటికి అయిదూ పది.

ఫోను మోగింది. "ఏమోయ్, బయల్దేరావా లేదా? అమ్మకి మాత్ర టైమవుతోంది. ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం, పొయ్యి చూస్తే చల్లగా ఉంది." వెనకనుంచి అత్తగారి గొంతు, అందరికీ వినబడేలా: "కోడలు ఉద్యోగం చేస్తోందని పొయ్యికేం తెలుసురా, పాపం!" ఇద్దరూ నవ్వారు. ఆమె కూడా ఫోన్లో నవ్వింది. నవ్వకపోతే ఆ రాత్రంతా మూతి ముడుచుకుందన్న మాట పడాలి. ఫోను పెట్టేసి, "ఇక్కడ ఒక వాక్యం చదవడానికి వీలుకాలేదు" అని టైపు చేసి బస్సుకి పరిగెత్తింది. అలా రాయడానికి రూల్ ఒప్పుకుంటుంది కూడా.

అయిదు నెలల తర్వాత ఆ అప్పీలు తీర్పు నకలు కొట్టే పని మళ్లీ ఆమె దగ్గరికే వచ్చింది. ఊళ్లో ముసలి తల్లి ఉంది, మొదట్నుంచీ ఆవిడ దగ్గరే పెరుగుతున్న ఇద్దరు పిల్లలున్నారు, ఇది మొదటి తప్పు, జైల్లో బుద్ధిగా ఉన్నాడు. అతని గురించి మొత్తం పేజీన్నర. చచ్చిపోయినావిడ గురించి వెతికితే ఒక్క వరస దొరికింది: "మృతురాలు. వయసు ఇరవై తొమ్మిది. వృత్తి: ఏమీ లేదు." ఆ తర్వాత: "ఇంట్లో కనబడినవేమిటో రికార్డులో కనిపించడం లేదు. వంట చెయ్యకపోవడంతో గొడవ జరిగిందన్న మాటని తోసిపుచ్చలేం. శిక్షను ఏడేళ్లకు తగ్గిస్తున్నాం."

అది తను వదిలేసిన వాక్యమే. మధ్యాహ్నం తిండి మానేసి రికార్డు గదికి వెళ్లింది. అసలు కాగితం మీద చేతిరాత గుండ్రంగా, చిన్నపిల్లలు కూడా చదివేలా ఉంది.

"పొయ్యి మీద రెండు గిన్నెలు, మూతలు పెట్టి ఉన్నవి, ఇంకా వేడిగా ఉన్నవి; నేల మీద రెండు కంచాలు; రెండింటిలోనూ వడ్డించి ఉంది; రెండూ ముట్టుకోలేదు."

రెండు కంచాలు. ఆవిడా తినలేదు. అతని కోసం చూస్తూ కూర్చుంది. వండి పెట్టినదాన్ని వండలేదన్నాడు, జడ్జీలు నమ్మారు, అయిదేళ్లో పదేళ్లో కాదు, ఒక ప్రాణం ఖరీదే తగ్గించేశారు. ఎందుకు? ఇంకొకత్తె తన ఇంట్లో పొయ్యి వెలిగించడానికి పరిగెత్తింది కాబట్టి. ఆమె అక్కడే, అల్మారాల మధ్య, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వెళ్లి చెప్తే, సెక్షన్ సూపరింటెండెంటు మంచివాడే. "నువ్వు రూల్ ప్రకారమే చేశావమ్మా. నిన్నెవరూ వేలెత్తి చూపరు. ఇప్పుడు తప్పు నాదే అని రాసిస్తే మెమో ఇస్తారు, వచ్చే ప్రమోషన్ గల్లంతవుతుంది. ప్రభుత్వం వాళ్లు ఇంకా పై కోర్టుకి వెళ్తారో లేదో కూడా తెలీదు. ఆలోచించుకో తల్లీ."

ఇంట్లో చెప్తే భర్త పేపర్లోంచి తల ఎత్తలేదు. "చచ్చినావిడ తిరిగొస్తుందా? ఊరికే నెత్తికెత్తుకోకు. అన్నట్టు, వంటయిందా?"

"అయింది," అంది. "గిన్నెల మీద మూతలున్నాయి. తీసి వడ్డించుకోండి."

ఆయన తల ఎత్తి చూశాడు. ఆమె అప్పటికే బల్ల ముందు కూర్చుని రాస్తోంది: "రిజిస్ట్రారు గారికి. ఆ హత్య కేసు పుస్తకంలో చదవడానికి వీలుకాలేదని నేను టైపు చేసిన వాక్యం చదవడానికి వీలవుతుంది. నేను వెళ్లి చూడలేదు. తప్పు నాది. ఆ వాక్యం ఇది." కింద ఆ నాలుగు ముక్కలూ, ఒక్క అక్షరం పోకుండా, గుండ్రంగా దింపి సంతకం పెట్టింది.

ఆ కాగితాన్ని ఎవరు చదువుతారో, అసలు చదువుతారో లేదో ఆమెకి తెలియదు. చదివిన మీరైనా, వృత్తి ఏమీ లేదనిపించుకుని, వండి, వడ్డించి, తను తినకుండా రెండో కంచం ముందు కూర్చుని ఎదురుచూసిన ఆ ఇరవై తొమ్మిదేళ్ల మనిషిని గుర్తుపెట్టుకోండి.