పుష్పం తొట్టిలో వేపాకు

దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడు టోంగాట్‌లో అందరికీ ఏవేవో ఆశలు పుట్టాయి. చక్కెర మిల్లులో పనిచేసి చనిపోయినవాడి భార్య పుష్పానికి మాత్రం పెరట్లోని సిమెంటు తొట్టే ఆశ. అందులో తిలాపియా చేపలు పెంచేది. ఆ పెరట్లో అద్దె గదులు కట్టాలని, ఇల్లు తన పేరున ఉన్న మరిది లయొనెల్ కాచుక్కూచున్నాడు.

"ఈస్టర్‌కి ఫిష్ సేల్ అయితే నువ్వు ఉండు, వదినా. లేకపోతే ఓల్డేజ్ హోమ్, ఫినిష్" అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి, దరిద్రుడు.

దాంతో పుష్పం తొట్టి పట్టేదానికి రెట్టింపు చేప పిల్లల్ని పోసింది. ఆ ఇరుకులో అవి రాసుకుని రాసుకుని ఒళ్లంతా పుళ్లు తెచ్చుకున్నాయి. ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చిన చేపల నిపుణుడు క్రాంతిని బతిమాలి పిలిపించుకుంది.

"ముందు సగం తీసేయండి. మందు తర్వాత" అన్నాడు క్రాంతి.

"తీసీస్తే నాకేటి మిగుల్తాది బాబూ? మూటీ, అదే మందు, ఏదన్నా సెప్పు, మేతలో కలిపీస్తాను."

ఆమెను వదిలించుకుంటే చాలనుకున్నాడు క్రాంతి. వెల్లుల్లి, పసుపు, కాస్త వేపాకు నూరి మేతలో కలపమన్నాడు. పుష్పం ముఖం వెలిగిపోయింది. ఏటేటా గంగమ్మగా మొక్కే చెట్టు తొట్టి పక్కనే ఉంది.

"ఈ తల్లి ఆకే కదా బాబూ?"

అది వేప కాదు, తురకవేప. చెరకు తోటల్లో కూలికి ఓడల్లో వచ్చిన తాతలు ఇక్కడ వేప దొరక్క, ఆకు పోలిందని దానికే పసుపు పూసి మొక్కారు. ఆ ఆకు చేపలకు విషమని క్రాంతికి బాగా తెలుసు. కానీ పూజించే చెట్టును కాదంటే ముసలమ్మతో గంటసేపు వాదన. ఎండ మాడ్చేస్తోంది. చిటికెడేగా వేసేది అనుకుని తలూపేశాడు. వాడి చదువు తగలబడ!

అమ్మవారి ఆకు ఎంత వేస్తే అంత మేలని పుష్పం దోసిళ్లకొద్దీ నూరి కలిపింది. రెండు రోజులకు తొట్టినిండా చచ్చిన చేపలు తేలాయి. లయొనెల్ ముక్కు మూసుకుని వచ్చి, గదులకు కొలతలు తీసుకుని పోయాడు.

పుష్పం ఏడుస్తూ క్రాంతికి ఫోన్ చేసింది. ఆ ఆకే చంపిందని అతనికి తెలుసు. నిజం చెబితే ఉద్యోగానికే ఎసరు.

"సెట్టుని అడక్కండా ఆకు కోసీసినాను బాబూ. తల్లికి కోపం వచ్చినాదేటి?"

క్రాంతికి ప్రాణం లేచొచ్చింది.

"అదే అయ్యుంటుంది, పెద్దమ్మా. అడిగి కోయాల్సింది."

హోమ్‌కు తీసుకుపోయే రోజు, వాకిట్లో లయొనెల్ హారన్ కొడుతూనే ఉన్నాడు. పుష్పం ఆ చెట్టు ముందు నిలబడి, చెంపలు కందిపోయేదాకా లెంపలేసుకుంది.