బాయిలరు రేకు తలుపు

నేను ఒక ఇనుప బీరువాను. చీరలూ నగలూ దాచే రకాన్ని కాను, తుపాకి దాచేదాన్ని. రంగు వెలిసింది, తలుపు మీద పళ్లెమంత మేర గుంటలు పడ్డాయి, అయినా నన్ను ఇంతవరకూ ఎవరూ పాత ఇనుముకు వేయలేదు. ఎందుకో చెబుతాను. మధ్యమధ్య కాస్త గొప్పలు పోతాను, ఏమీ అనుకోకండి.

నన్ను చేయించినాయన కొల్లేటి ఒడ్డున ఉండే అచ్యుతరామరాజుగారు. చలికాలం వస్తే ఆయనకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. తెల్లారకముందే దోనె ఎక్కి బాతుల వేటకు పోవాల్సిందే. అప్పట్లో దానికి అడ్డు చెప్పే చట్టం లేదు. వేట నుంచి వచ్చాక తుపాకిని పడకగదిలో మేకుకు తగిలించేవారు. కూతురు గౌరి పాకడం మొదలుపెట్టిన రోజున ఆయన భార్య సుభద్రాయమ్మగారు, "ఈ గదిలో ఆ తుపాకన్నా ఉండాలి, నేనన్నా ఉండాలండి" అని గుమ్మంలో కూర్చున్నారు. రాజుగారు ఆ మధ్యాహ్నమే ఏలూరు బండెక్కారు. నా పుట్టుక వెనక కథ అదీ.

ఏలూరులో ట్రంకుపెట్టెలు చేసే జానీ సాహెబు నన్ను చేశాడు. ఒళ్లంతా మామూలు రేకే వేశాడు గాని, తలుపుకు మాత్రం మూలపడ్డ రైసుమిల్లు బాయిలరు నుంచి కోసిన మందపాటి రేకు బిగించాడు. రాజుగారు అది చూసి నవ్వారు.

"పిట్టల తుపాకికి కోట తలుపెందుకయ్యా సాహెబూ?"

"తుపాకి కోసం కాదండి. ఇంట్లో పాప ఉందన్నారు కదండీ" అన్నాడు జానీ సాహెబు, రివిట్ల మీద నుంచి తల ఎత్తకుండానే.

నన్ను బండి మీద నుంచి దించడానికి ఆరుగురు మనుషులు పట్టారు. ఆరుగురూ నన్ను నోటికొచ్చినట్టు తిట్టారు. పొడుగాటి హాలుకు ఒక చివర గోడకు బోల్టులు వేసి నిలబెట్టారు. లోపల తుపాకి నిలువుగా నిలబడేది. పక్క అరలో గొట్టాలు తుడిచే కడ్డీ, నూనె సీసా, గుడ్డపీలికలు, కింద బురద వదలని గమ్‌బూట్లు. పైన వేరే తాళంతో చిన్న సొరుగు, తూటాలకు. నా తాళంచెవి రాజుగారి జేబులో, సొరుగు తాళంచెవి సుభద్రాయమ్మగారి బొడ్డున. తుపాకి ఆయనది, తూటాలు ఆవిడవి. ఒకరు లేకుండా ఇంకొకరు బాతును కాదు గదా, పెరట్లో కాకినైనా బెదిరించలేరు. ఎనిమిదేళ్లు ఆ ఇల్లు అలా హాయిగా నడిచింది.

తొమ్మిదో ఏట దసరా వచ్చింది. ఆయుధపూజకు తుపాకిని, తూటాల డబ్బాను, చివరికి నా తాళంచెవిని కూడా అమ్మవారి పటం ముందు పెట్టారు. అందరికీ పసుపూ కుంకుమా పెట్టారు, నాకు తప్ప. సరే, నా సంగతి వదిలేయండి. రాజుగారికి ఒక పట్టింపు ఉండేది. ఖాళీ తుపాకికి పూజ చేస్తే ఆ ఏడు వేట కుదరదని ఎవరో వేటగాడు ఆయన చెవిన వేశాడు. అందుకని ఏటా ఎవరూ చూడకుండా ఒక తూటా ఎక్కించి, హారతి అవ్వగానే తీసేసేవారు. ఆ ఏడు హారతి అవుతుండగా చుట్టాలు దిగారు. పలకరింపుల హడావిడిలో ఆయన తుపాకిని అలాగే తెచ్చి నాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి మళ్లీ పటం పక్కనే పెట్టారు. నా కడుపులో ఏముందో నాకు తెలుసు. తెలిసి ఏం చేయను? కిర్రుమనడం తప్ప నాకు ఇంకో భాష రాదు.

భోజనాలయ్యాక సుభద్రాయమ్మగారు తూటాల డబ్బా లోపల పెట్టబోతూ అలవాటు కొద్దీ లెక్కపెట్టారు. పాతిక ఉండాలి, ఇరవై నాలుగున్నాయి. మళ్లీ లెక్కపెట్టారు. డబ్బా పట్టుకుని భర్తను వెతుక్కుంటూ వీధి అరుగు మీదికి వెళ్లారు.

సరిగ్గా అప్పుడే ఆవిడ తమ్ముడు వెంకటపతి పటం పక్కనున్న తాళంచెవి తీసి నన్ను తెరిచాడు. గౌరి అంటే అతనికి పంచప్రాణాలు. తుపాకి తీసుకుని హాలు రెండో చివరికి వెళ్లి, "దొంగా, నా జంతికలు తిన్నది నువ్వే గదూ? చేతులెత్తు" అన్నాడు. గౌరి కిలకిలా నవ్వుతూ వచ్చి, తెరిచి ఉన్న నా తలుపు వెనక దాక్కుంది. "మావయ్యా, నేను దొరకను" అంది.

అతను నవ్వుతూనే మీట నొక్కాడు.

ఆ దెబ్బ నాకు ఇప్పటికీ గుర్తే. బాయిలరు రేకు సొట్టలు పడింది గాని, తూటాలోని చిన్న గుండ్లలో ఒక్కదాన్ని కూడా అవతలికి పోనివ్వలేదు. పొగ కాస్త పలచబడేసరికి వెంకటపతి నేల మీద కూలబడి ఉన్నాడు. డబ్బా చేతిలో పట్టుకునే సుభద్రాయమ్మగారు పరిగెత్తుకొచ్చి తలుపు వెనక చూశారు. గౌరి రెండు చెవులూ మూసుకుని నిలబడి ఉంది. ఒంటి మీద గీత కూడా లేదు. రాజుగారు వచ్చి నా తలుపుకు నుదురు ఆనించి ఏడ్చారు. "తప్పు నాది సుభద్రా, నేనే ఎక్కించాను" అన్నారు. ఆవిడ తూటాల డబ్బాను సొరుగులో పెట్టి తాళం వేశారు. గుడ్డతో నా మీది మసి తుడిచారు.

ఆ వారం రాజుగారు ఏలూరు వెళ్లి జానీ సాహెబుకు పట్టుపంచె పెట్టి, అందరి ముందూ కావలించుకుని వచ్చారట. ఆ రోజు నుంచి వేట నుంచి ఎంత అలిసిపోయి వచ్చినా, తుపాకి మడత విప్పి గొట్టాలు ఆకాశానికి ఎత్తి పట్టేవారు. సుభద్రాయమ్మగారు అందులోంచి వెలుతురు చూసి, "చూశానండి, ఖాళీ" అన్నాకే లోపల పెట్టేవారు. దసరాకు ఖాళీ తుపాకికే పూజ. బాతులు ఎప్పటిలాగే దొరికాయి. వెంకటపతి మాత్రం ప్రతి దసరాకూ వచ్చి, భోజనానికి ముందు కాసేపు నా తలుపు మీద చెయ్యి వేసి నిలబడేవాడు.

తర్వాత వేటను ఆపేస్తూ చట్టం వచ్చింది. రాజుగారు తుపాకిని పోలీసు స్టేషనులో అప్పగించి, రసీదు తెచ్చి నాలో పెట్టారు. దానికీ నాకూ పదేళ్లకు పైగా కాపురం. వెళ్లేటప్పుడు దిగులుపడ్డానని ఒప్పుకుంటాను.

ఇప్పుడు నేను భీమవరంలో, గౌరిగారింట్లో ఉన్నాను. ఆవిడకు అరవై దాటాయి. నాలో ఏమీ పెట్టరు. దసరా రోజున గుంటల నడుమ ఇంత కుంకుమ బొట్టు పెడతారు. జానీ సాహెబు పేరు తలుచుకుంటారు. తలుపు బార్లా తెరిచి భర్తను పిలుస్తారు.

"చూశారా అండి?"

"చూశానోయ్, ఖాళీ."

అప్పుడు తాళం వేసి, తాళంచెవి బొడ్డున దోపుకుంటారు.