ఒక్కటేగా!

మొదట్లో ఆమె చేతిలో ఉన్నవి మూడే. కుట్టుపని డబ్బుతో కొనుక్కున్న పాత కంప్యూటరు, దానికి వైరుతో తగిలించిన ఎంబ్రాయిడరీ మిషను, ఆ రెండూ పెడితే మనిషి పక్కకి తిరిగి నడవాల్సిన గది. పన్నెండేళ్లుగా గీసిన పూలూ లతలూ ఆ కంప్యూటరులోంచి మిషనుకి వెళ్తేనే బట్ట మీద పూస్తాయి.

ఆదివారం మరిది పెన్‌డ్రైవ్‌తో దిగాడు. ఇంటిల్లిపాదీ వాడే కంప్యూటరు అదే కదా, అందులో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయించాలని భర్త సరదా.

"వేసేముందు మన వస్తువులకి పడుతుందో లేదో చూడు బాబూ," అందామె.

"భలేదానివి వదినా! బెండకాయ చివర విరిచి చూసినట్టా?"

"విరవకుండా కొంటే ముదిరినవే వస్తాయి."

మరిది నవ్వి, ముందు పరీక్ష పెట్టాడు. తెర మీద జాబితా పడింది. భర్త ప్రింటరు, కొడుకు ఆటల రిమోటు, అత్తగారు ప్రవచనాలు వినే స్పీకర్లు... పదింట్లో తొమ్మిదికి పచ్చ టిక్కు. పదోది ఆమె మిషను. ఎదురుగా ఎర్రగా ఒకటే మాట: 'కుదరదు'.

"ఒక్కటేగా!" అన్నాడు భర్త. "వేసెయ్‌రా. మీ వదిన చేత్తో కుట్టుకుంటుందిలే."

"ఇల్లన్నాక ఎవరో ఒకరు సర్దుకోవాలమ్మా," అన్నారు అత్తగారు.

ఆ ఎవరో ఒకరు ఎవరో ఆమెకి తెలుసు. ఆయనకి బదిలీ అయితే వదులుకున్న ఉద్యోగం ఒక్కటేగా. అత్తగారి మోకాళ్ల కోసం ఇచ్చిన గాలొచ్చే గది ఒక్కటేగా. పెళ్లికి ముందు ఆమె ఎత్తూ రంగూ నడకా నలుగురూ చూశారు. ఈ ఇల్లు ఆమెకి పడుతుందో లేదో ఒక్కరూ చూడలేదు. ఇప్పుడీ మిషను చూడు, గొంతు తగ్గించలేదు, నొచ్చుకోకండి అనలేదు. కుదరదంది, అంతే. దాన్ని పొగరుబోతు అన్నవాళ్లు లేరు.

మరిది వేలు మీట మీదికి వెళ్లింది. ఆమె పెన్‌డ్రైవ్ పీకి అతని చేతిలో పెట్టింది.

"కుదరదు."

"ఏంటి కుదరదు?" అన్నాడు భర్త.

"ఇది ఇలాగే ఉంటుంది. మీ తొమ్మిదింటికీ వేరే కంప్యూటరు చూసుకోండి."

"కాస్త సర్దుకుంటే..."

"మిషన్లు సర్దుకోవండీ."

సాయంత్రం మిషను టకటకలాడుతుంటే ఆమె లెక్క చూసుకుంది. చేతిలో ఉన్నవి పాత మూడే. కొత్తగా వచ్చి చేరింది నోట్లో 'కుదరదు' అన్న ఒక మాట.

ఒక్కటేగా!