మనం ఎప్పుడూ పెట్టే పాట

లిఫ్టు మెకానిక్కి ఊరికే వచ్చే వస్తువులంటే పడదు. ఎవరైనా ఏదైనా ఉత్తినే ఇస్తున్నారంటే అందులో ఏదో తిరకాసు ఉంటుందని అతని నమ్మకం. అలాంటివాడు, ఐదో అంతస్తు ఫ్లాటు ఖాళీ చేస్తున్న ముసలాయన రికార్డు ప్లేయరు చూపించి "తీసుకుపోవయ్యా, లేకపోతే చెత్తబండిలో వేసేస్తాను" అనగానే మారుమాట్లాడలేదు. మూత ఎత్తి చూశాడు. ముల్లు ఉంది. బెల్టు సాగిపోయింది గానీ అదేమంత పెద్ద పని కాదు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు దాన్ని ఎత్తుకుని, తనే బాగుచేసిన లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగా దిగాడు. లిఫ్టు అదురుతుందని భయం. "నువ్వే భయపడితే రోజూ ఎక్కేవాళ్ళు ఏమైపోవాలి?" అని వాచ్‌మన్ నవ్వాడు. అదేమీ అతని చెవికెక్కలేదు.

ఇంత హైరానా ఎందుకంటే, అతని బీరువాలో, పాత దిండు గలీబులో, ఒక గ్రామఫోను ప్లేటు ఉంది. అందులో వాళ్ళమ్మ పాడిన పాట ఉంది.

ప్లేటు గొప్పదేమీ కాదు. ఆ రోజుల్లో చిన్న కంపెనీలు ఆ ఏడాది ఊరంతా మోగిన పాటలు ఏరి, అన్నిటినీ ఒక్క ప్లేటులో కుక్కి అమ్మేవి. అసలు గాయకులను పిలిచే తాహతు వాళ్ళకెక్కడిది? అచ్చం అలాంటి గొంతే ఉన్నవాళ్ళను ఎక్కడెక్కడి నుంచో పట్టుకొచ్చి, ఒక్క పూటలో పాడించి పంపేసేవారు. అట్ట మీద ఎర్ర గౌను వేసుకున్న పిల్ల, పక్కన కారు. ఆ పిల్లకూ పాటలకూ సంబంధం లేదు, కారుకు అసలే లేదు. వెనకవైపు అడుగున 'గానం: బృందం' అని చీమ తలకాయంత అక్షరాలు. ఆ బృందంలో ఒకావిడ వాళ్ళమ్మ. ఒకే ఒక్క పాట పాడింది. ఆ మరుసటేడు చెల్లెల్ని కన్నది, జ్వరమొచ్చి పోయింది. ఫొటోలు రెండు మూడున్నాయి. గొంతు మాత్రం ఆ ప్లేటులో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు.

అప్పట్లో పాట వినడమంటే ఒక పని. చేతులు కడుక్కోవాలి, ప్లేటును అంచులు పట్టుకుని తియ్యాలి, మెత్తటి గుడ్డతో తుడవాలి, ఊపిరి బిగబట్టి ముల్లు దించాలి. దించగానే కాసేపు చిటపటలు వినిపించేవి. ఆ చిటపటలకే అతని ఒళ్ళు పులకరించేది. అన్నిటికన్నా గొప్పది ఆ పాటల వరస. ఏడుపు పాట అయిపోగానే, కళ్ళు తుడుచుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా తాగుబోతు పాట తయారు. దాని వెనకే పడవ పాట. ఇప్పటికీ ఏ బస్సులోనో ఆ ఏడుపు పాట వినబడితే చాలు, తాగుబోతు ఇంకా రాడేమిటని అతని చెవులు కాచుకుని కూర్చుంటాయి. డ్రైవరు ఇంకేదో పెడతాడు. ఇతను దిగేదాకా ముఖం మాడ్చుకుంటాడు.

రెండో వైపు మొదటిది గుర్రబ్బండి పాట. దాని తర్వాతది గరగర తప్ప ఏమీ వినిపించేది కాదు. దాన్ని దాటించి ముల్లు పెట్టాలి. అప్పుడు వచ్చేది అమ్మ పాట. వాళ్ళ నాన్న దానికి పేరు కూడా పెట్టలేదు, 'మనం ఎప్పుడూ పెట్టే పాట' అనేవాడంతే. పిల్లవాడు బడి నుంచి వచ్చి రోజూ అదే పెట్టుకునేవాడు. అతనికి పదేళ్ళు వచ్చేసరికి, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న చెల్లెలు ఇంటికి రాకముందే, ప్లేయరు మోటారు కాలిపోయింది. నాన్న బస్సు డిపోలో ఫిట్టరు, ఇంజన్లనే విప్పి బిగించేవాడు. ఈ బుల్లి మోటారును మాత్రం "ఇంక వద్దులేరా" అని అటక మీద పడేశాడు. ఎందుకో చెప్పకుండానే పోయాడు.

"నీకు అమ్మ గొంతు వినిపిస్తానే" అని చెల్లెలికి చిన్నప్పటి నుంచీ మాట ఇస్తూనే ఉన్నాడు. ఇద్దరికీ జుట్టు నెరిసింది గానీ ఆ మాట నెరవేరలేదు.

చెల్లెలు ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. నేలమాళిగలో పెద్ద పెద్ద మిషన్లు, ఆవిరి, దుప్పట్ల గుట్టలు. ఆ రొదలో పొద్దస్తమానం కూనిరాగం తీస్తూనే ఉంటుంది. లావుపాటి గొంతు, అడుగున కొంచెం గరుకు. అన్నయ్య ఆమెను 'బొంగురూ' అని పిలిచేవాడు. ఆమెకు కోపం వచ్చేది కాదు. నోరు తెరిస్తే పాట, మూస్తే ముక్కుతో పాట. అక్కడి సూపర్‌వైజరమ్మ "నీ పుణ్యమా అని నాకు రేడియో ఖర్చు తప్పింది" అనేది.

అతను కొత్త బెల్టు వేసి కబురు పెడితే ఆదివారం మధ్యాహ్నం ఆమె వచ్చింది. అతను తలుపులు మూశాడు, ఫ్యాను ఆపాడు. ఆమె చీర కొంగు వేళ్ళకు చుట్టుకుని నేల మీద కూర్చుంది. ముల్లు దించాడు. చిటపటలయ్యాక పాట మొదలైంది. సన్నటి గొంతు, తీగ లాగినట్టు పైకి పోయింది, ఎక్కడా ఒణకలేదు. అతనికి కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. చెల్లెలు మాత్రం ఏడవలేదు. పాట అయిపోయాక "ఇంకోసారి" అంది. మళ్ళీ పెట్టాడు. ఫోను తీసి రికార్డు చేసుకుంది.

"ఇంత సన్నగా ఉండేదా అమ్మ గొంతు?" అంది.

"మరి? అమ్మంటే ఏమనుకున్నావు, కోకిల!"

"నాకేమీ రాలేదన్నమాట ఆవిడది. ముక్కు నాన్నది, రంగు నాన్నది. గొంతైనా అమ్మది అయ్యుంటుందేమో అనుకునేదాన్ని."

"నీది ఎవరిదీ కాదులే బొంగురూ, లారీ హారనుది" అన్నాడు. నవ్విద్దామనే అన్నాడు పాపం. ఆమె నవ్వింది కూడా.

వారం పోయాక ఆసుపత్రిలో సామాన్ల లిఫ్టు మొరాయిస్తే బాగుచెయ్యడానికి వెళ్ళి, పనైపోయాక నేలమాళిగలోకి తొంగి చూశాడు. మిషన్ల మోత తప్ప ఇంకేమీ వినబడలేదు. చెల్లెలు గుట్ట ముందు నిలబడి దుప్పట్లు మడతపెడుతోంది. పెదవులు బిగించి ఉన్నాయి.

"ఏమయ్యా, మీ చెల్లెలు మూగనోము పట్టిందా?" అని సూపర్‌వైజరమ్మ అతన్నే నిలదీసింది. "ఎవరైనా ఏమైనా అన్నారా అంటే లేదంటుంది. ఒంట్లో బాగాలేదా అంటే బాగుందంటుంది. ఇక్కడ చెవులు చిల్లులు పడుతున్నాయి ఈ మిషన్లతో."

పని ఎక్కువై అలసిపోయి ఉంటుందిలే అనుకున్నాడు. మనసులో మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది.

ఆ నెలాఖరున మేనత్త కళ్ళు చూపించుకోవడానికి ఊరి నుంచి వచ్చి అతనింట్లో దిగింది. టెలిఫోను ఎక్స్ఛేంజిలో చేసి రిటైరైన మనిషి. చూపు మందగించింది గానీ చెవులు పాము చెవులు. ఆవిణ్ణి సంతోషపెడదామని "అత్తా, కూర్చో, నీకొకటి వినిపిస్తాను" అని ప్లేటు పెట్టాడు. సన్నటి గొంతు మొదలైంది. అత్త తల ఊపుతూ వింది. పాట అయ్యాక "బాగుందిరా. మరి మీ అమ్మది పెట్టవేం?" అంది.

అతను నవ్వాడు. "ఇదే కదత్తా."

"ఇదెక్కడిదిరా? ఇది ఎవరో పొడుగు పిల్ల పాడింది. జడకు రిబ్బను కట్టుకుని వచ్చింది, నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. మీ అమ్మది దీని ముందుది."

దీని ముందుది గరగర పాట. ముల్లు వెనక్కి పెట్టాడు. గరగర. ఇసుకను చేటలో పోసి చెరుగుతున్నట్టు గరగర. దాని అడుగున ఎక్కడో వాయిద్యాలు ఉన్నట్టే ఉన్నాయి. మనిషి గొంతు మాత్రం అక్షరం కూడా లేదు.

"మీ నాన్న చేసిన పనిరా అది" అంది అత్త, చెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని. "మీ అమ్మ పోయాక రోజంతా ఆ ఒక్క పాటే పెట్టుకునేవాడు. పెట్టగా పెట్టగా ముల్లు జారడం మొదలెట్టింది. జారకుండా దాని నెత్తిన నట్టు పెట్టాడు. అది చాల్లేదని ఇంకా పెద్ద నట్టు. డిపోలో నట్లకేం కొదవ? పాట ఆగకుండా వస్తోందని సంబరపడ్డాడు. ఆ బరువుకి లోపల గాడి చెక్కుకుపోతోందని చూసుకోలేదు. ఒకరోజు పెడితే మాట రాలేదు. ఆ రోజు అన్నం తినలేదు మీ నాన్న."

"మరి నేను పక్కది పెట్టుకుంటుంటే చెప్పలేదేం ఎవరూ?"

"నేను చెప్పబోయాను. 'వాడు అమ్మదనుకుని వింటున్నాడు, విననీ' అన్నాడు మీ నాన్న. పెద్దయితే నీకే తెలుస్తుందిలే అనుకున్నాను నేను. తిలాపాపం తలా పిడికెడు."

అతను ప్లేయరు ఆపి మూత వేశాడు. తర్వాత అడిగాడు. "అమ్మ గొంతు ఎలా ఉండేదత్తా?"

"ఎలా అంటే ఏం చెప్పనురా? లావుగా ఉండేది. అడుగున కొంచెం జీర. ఆ పాట అసలు పాడినావిడదీ అలాంటి గొంతే, అందుకే కదా వీళ్ళు మీ అమ్మను పిలిచింది. మీ చెల్లెలు వంటింట్లో కూనిరాగం తీస్తుంటే నాకు ఒక్కోసారి ఒళ్ళు జలదరిస్తుంది. అచ్చు గుద్దినట్టు అదే."

లారీ హారను అన్నది తను. వేసుకున్న చొక్కాతోనే, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఆసుపత్రికి పరిగెత్తాడు.

చెల్లెలు ఇస్త్రీ రోలరు దగ్గర ఉంది. పక్కకు పిలిచి జరిగిందంతా చెప్పాడు, నట్టు సంగతి, రిబ్బను పిల్ల సంగతి, అత్త అన్న ప్రతి మాటా. "నీదేనే అమ్మ గొంతు. నువ్వు పాడితే అమ్మ పాడినట్టే" అన్నాడు.

ఆమె చివరిదాకా శ్రద్ధగా వింది. చీర కొంగుతో మెడ తుడుచుకుంది.

"సూపర్‌వైజరమ్మ చెప్పిందా నేను పాడటం మానేశానని?"

"ఆమె చెప్పడమేమిటే, నేను చూశానుగా."

"అందుకే ఇదంతా అల్లుకొచ్చావు."

"అల్లడమేమిటి? అత్తనడుగు కావాలంటే."

"అత్త నువ్వు చెప్పమన్నది చెప్తుంది. చిన్నప్పుడు నా బొమ్మ పోతే అదే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందని అత్తచేత కూడా చెప్పించావు." ఆమె గొంతులో కోపం లేదు. అదే అతనికి భరించడం కష్టమైంది. "అత్త సంగతి వదిలెయ్. నువ్వు అమ్మను చూసినవాడివి. నీకు గుర్తుందా ఆవిడ గొంతు? ఇదిగో, నా మీద ఒట్టేసి చెప్పు. నాలాగే ఉండేదా?"

అతను కళ్ళు మూసుకున్నాడు. అమ్మ వచ్చింది. తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, గుమ్మంలో, అతని చొక్కా బొత్తాలు పెడుతూ. నోరు తెరిచింది. ఆ నోట్లోంచి సన్నగా, తీగ లాగినట్టు, ఆ రిబ్బను పిల్ల గొంతు వచ్చింది. తల విదిలించి మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే గొంతు. ఇన్నేళ్ళూ అమ్మ అతనితో మాట్లాడింది ఆ గొంతుతోనే, తిట్టింది ఆ గొంతుతోనే, జోకొట్టింది ఆ గొంతుతోనే. దాని అడుగున ఇంకొకటి ఉందేమోనని వెతికాడు. లేదు.

"గుర్తులేదే" అన్నాడు.

"చూశావా మరి" అంది.

"పోనీ ఒక్కసారి పాడు. ఇక్కడే, రెండు ముక్కలు. వింటే నాకు గుర్తొస్తుందేమో."

ఆమె నిజంగానే నోరు తెరిచింది. అన్న కోసం ప్రయత్నించింది. ఒక అక్షరం దగ్గరే ఆగిపోయి తల అడ్డంగా ఊపింది. "రావట్లేదన్నయ్యా. ఆవిడది విన్నాక నాది నాకే సిగ్గుగా ఉంటోంది. నువ్వేం బాధపడకు. నాకు లోటేముంది ఇప్పుడు? రోజూ వింటున్నాను కదా."

అంటూ ఫోను తీసి, ఇయర్‌ఫోను తీగకున్న రెండు గుండీల్లో ఒకటి తన చెవిలో పెట్టుకుని, రెండోది అతని చెవిలో పెట్టింది. పాట వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుని వింటోంది.

"అమ్మ ఎంత బాగా పాడిందో కదన్నయ్యా" అంది.

"బాగా పాడింది" అన్నాడు.