దిష్టి తగలని పిల్ల

నేను ఒక కాటాని. కూరగాయల కొట్లో కూర్చునే రకం కాదు, వేలాడే రకం. గుండ్రటి మొహం, ఒక ముల్లు, పైనో కొక్కెం, కిందో కొక్కెం. కింది కొక్కేనికి లాగూలాంటి గుడ్డసంచి తగిలించి, అందులోకి పసిపిల్లల్ని దింపుతారు. పిల్లలు ఏడుస్తారు, తల్లులు నవ్వుతారు, నేను బరువు చెబుతాను. అంతే నా ఉద్యోగం.

కార్ఖానాలో ఒక ముసలాయన నాకు ఇనప గుండ్లు వేలాడదీసి, ముల్లు సరిగ్గా నిలిచేదాకా మర బిగించి, "ఇంక నువ్వు ఎవరి మొహమూ చూడక్కర్లేదురా" అన్నాడు. మనుషులకి ఆ మర ఉండదని నాకు తర్వాత తెలిసింది. అక్కణ్ణించి ఒక సర్కారు గోదాములోకి వెళ్ళాను. నన్ను పిల్లల దగ్గరికి పంపే ఆఫీసరు సెలవులో ఉన్నందువల్ల చాలాకాలం ఎలకల మధ్య విశ్రాంతి తీసుకున్నాను. చివరికి కాకినాడలో ఒక కాలనీ అంగన్‌వాడీకి, టీచరు శేషారత్నం గారి చేతికి వచ్చాను. కాలనీవాళ్ళు తమ సంఘం గదిని అంగన్‌వాడీకి ఉచితంగా ఇచ్చారు. ఇచ్చినట్టు రోజూ గుర్తుచేసే బాధ్యత సెక్రటరీ గున్నేశ్వరరావు గారిది.

కాలనీ తల్లులకి బరువు విషయంలో రెండు కోరికలు. పిల్లాడి బరువు ఎక్కువుండాలి, ఉందని ఎవరికీ తెలియకూడదు. అందుకని వెండి మొలతాడు, కడియాలు, తడిసిన డైపరుతో సహా సంచిలోకి దింపేవారు. ముల్లు ఎగబాకగానే, "రత్నం గారూ, పైకి అనకండి, దిష్టి" అని గుసగుసలాడేవారు. రత్నం గారు పైకి కిలో తగ్గించి చెప్పి, కాగితం మీద మాత్రం నేను చూపించింది వేసేవారు. అలా కాలనీ పిల్లల సరాసరి బరువు ఏపుగా పెరిగింది. అందులో వెండి వాటా ఎంతో ఎవరూ అడగలేదు.

ప్రహరీ వెనక రేకుల షెడ్లుండేవి. కాలనీలో లేస్తున్న కొత్త అపార్టుమెంటుకి ఇటుకలు మోయడానికి శ్రీకాకుళం వైపు నించి వచ్చినవాళ్ళవి. వాళ్ళ పిల్లల్ని తూచేవాళ్ళు లేరు. తూచని పిల్ల లెక్కలో ఉండదు, లెక్కలో లేని పిల్లకి గుడ్డూ పాలూ రావు. అప్పలనరసమ్మ అనే ఆవిడ మాత్రం చంకలో పిల్లతో గుమ్మం దగ్గర నిలబడేది.

"మా గుంటని ఓపాలి తూసి సూడండమ్మా. తిన్నది ఒంటికి పట్టట్లేదు."

"చూద్దాంలే అమ్మా" అనేవారు రత్నం గారు, కిటికీలోంచి సెక్రటరీ గారింటివైపు చూస్తూ.

"వాళ్ళు ఇవాళుంటారు, రేపు పోతారు. వాళ్ళని కలిపితే మన సరాసరి పాడైపోద్దండి" అనేది ఆయన వాదన.

ఆ సరాసరి పుణ్యమాని ఒకరోజు గది ముందు షామియానా లేచింది. 'బరువు తక్కువ పిల్లలు లేని కాలనీ' అని బ్యానరు రాయించారు. అది కట్టి, ఫొటో తీయించుకోవాలి. ఆస్పత్రి నించి డాక్టరు వకుళ గారు వచ్చారు.

"ఒక పిల్లాణ్ణి కాటాకి వేద్దామండి, ఫొటో బాగుంటుంది" అన్నారు సెక్రటరీ గారు.

తల్లులందరూ పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

"ఇంతమంది కళ్ళముందరా? మావాడికి జలుబండి."

"మా పాపకి ఇప్పుడే నిద్ర పట్టిందండి" అంది ఇంకొకావిడ. పాప ఆవిడ చెవిదుద్దు లాగుతోంది.

"మీ మనవడున్నాడు కదండీ, సెక్రటరీ గారూ."

"అమావాస్య వెళ్ళి రెండ్రోజులన్నా కాలేదమ్మా" అన్నారాయన.

లడ్డూ పంచుతారేమోనని అప్పలనరసమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. అందరి చూపులూ ఒక్కసారే అటు తిరిగాయి.

"ఆవిడ పిల్లని వేసెయ్యండి. ఫొటోకే కదా."

ఆ పిల్లకి దిష్టి తగలదని అంతమందికీ ఒకేసారి ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

పైడితల్లి అనే ఆ పిల్లని సంచిలోకి దింపారు. ఏడవలేదు. ఏడవడానికీ ఒంట్లో కొంత సరుకుండాలి. నా ముల్లు ఆరు కిలోల దగ్గర ఆగింది.

"వయసెంతమ్మా?" అన్నారు డాక్టరు గారు.

"ఏడాది దాటీసిందమ్మా."

ఫొటో తీసే అతను కెమెరా దించేశాడు.

"పాత కాటా అండి. ముల్లు పట్టేసింది" అన్నారు సెక్రటరీ గారు. నిన్నటిదాకా నేను బంగారం తూచే కాటా అంత నిక్కచ్చి అని ఊరంతా చెప్పింది ఆయనే.

డాక్టరు గారు ఆయనింటి నించే ఐదు కిలోల గోధుమపిండి ప్యాకెట్టు తెప్పించి నాకు తగిలించారు. ఐదు చూపించాను. నేను ఇంకెవరి కోసమూ ఇంకేదీ చూపించను.

"ప్యాకెట్టులో కూడా మోసం ఉండొచ్చు కదండీ" అన్నారు సెక్రటరీ గారు. " పోనీ ఈ పిల్లని కలిపినా మన సరాసరికి ఏం కాదు."

"అదే కదండీ జబ్బు" అన్నారు డాక్టరు గారు. "సరాసరి తీస్తే ఈ పిల్ల మీ పిల్లల మొలతాళ్ళ కింద కనపడదు. షెడ్ల పిల్లల్ని విడిగా తూచి విడిగా రాయాలి. మీవాళ్ళకీ వాళ్ళకీ ఎంత తేడా ఉందో అప్పుడు కనపడుతుంది. రత్నం గారూ, ఈ పాపని ఆస్పత్రికి పంపండి. మిగతావాళ్ళని ఇవాళే తూచండి."

సెక్రటరీ గారు నెమ్మదిగా, "రత్నం గారూ, గది మాదండి. గుర్తుంచుకోండి" అన్నారు.

రత్నం గారు స్టూలు లాక్కుని ఎక్కి, నన్ను కొక్కెం నించి తీశారు.

"కాటా మాదండి" అన్నారు.

ఆ సాయంత్రం షెడ్ల దగ్గర సెంట్రింగు కర్రకి వేలాడాను. వెండి మొలతాళ్ళు లేని పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఎంత ఉంటే అంత చెప్పాను. బ్యానరు కట్టలేదు. వానాకాలంలో అది సెక్రటరీ గారి స్కూటరు మీద కప్పి కనపడింది. కాలనీకి ఆయన కొత్త ఎలక్ట్రానిక్ కాటా కొనిపించారు. దానికి బటనుందట, నచ్చకపోతే మళ్ళీ నొక్కుకోవచ్చు.

నాకు తుప్పు పట్టింది. పాత ఇనుము కిందకి వెయ్యమని ఆఫీసువాళ్ళు రెండుసార్లు కబురు పెట్టారు. రత్నం గారు వినపడనట్టు ఊరుకున్నారు. నెలనెలా నన్ను సంచిలో వేసుకుని షెడ్లకే వస్తున్నారు.

మొన్న పైడితల్లిని దింపారు. కాళ్ళు తన్నుకుంటూ, చెవులు చిల్లులు పడేలా ఏడ్చింది. ముల్లు ఎనిమిది దాటింది. రత్నం గారు నోరు తెరవబోతుంటే అప్పలనరసమ్మ అటూ ఇటూ చూసి, దగ్గరికి జరిగింది.

"పైకి అనకండమ్మా. దిష్టి."

రత్నం గారు పైకి ఏడే అన్నారు. నేను మాత్రం ముల్లు దించలేదు.