నా పొట్టలో పట్టని పాట

నేను ఒక అరవై నిమిషాల కేసెట్‌ని. ఒక్కో పక్క ముప్పై నిమిషాలు. అంతకు మించి చిటికెడు శబ్దం కూడా నాలో పట్టదు. ఆ సంగతి నా ఒంటిమీదే అచ్చేసి ఉంది. అయినా మనుషులు ఒంటిమీద ఏం రాసుందో చూడరు, లోపల ఏముందో కూడా సగమే వింటారు. ఆ సగాన్నే నమ్మి ఒక పెద్దమనిషి నలుగురిలో తల దించుకున్నాడు. ఆ పూట నేను అతని చొక్కా జేబులోనే ఉన్నాను.

నా పుట్టుకలో చెప్పుకోవలసిన గొప్పేమీ లేదు. ఏదో కార్ఖానాలో గోధుమరంగు టేపు చుట్టి, మరలు బిగించి, పెట్టెలో పడేశారు. నా తోటివాళ్ళు కొందరు సుప్రభాతాలయ్యారు. కొందరు ఎన్నికల జీపులెక్కి ఊరూరా అరిచి గొంతు పోగొట్టుకున్నారు. నన్ను మాత్రం శ్రీకాకుళంలో ఒక ఫ్యాన్సీ దుకాణంలో తవిటయ్య అనే కుర్రాడు కొన్నాడు. గొర్రెలు కాసుకునే ఇంట్లో కాలేజీ గడప తొక్కబోతున్న మొదటివాడు. విశాఖపట్నంలో ఇంజనీరింగు సీటు వచ్చిందని ఊరంతా చెప్పుకుంటున్న రోజులు.

అతని తండ్రి సూరప్పడు ఊళ్ళో తప్పెటగుళ్ళ బృందానికి ముందు మనిషి. రేకు తప్పెటని గుండెకి కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు చుట్టుకుని, ఎగురుతూ వాయిస్తూ పాడాలి. గౌరమ్మ సంబరంలో తవిటయ్య ఎవరిదో టేప్‌రికార్డరు అడిగి తెచ్చి నన్ను అందులో పెట్టాడు.

"అయ్యా, ఇందులోకి పాడాల. ఎగరక్కర్లేదు. దీనికి సూపుండదు, ఇనికిడి ఒక్కటే."

"ఎగరకుంటే పాటెలా వస్తాదిరా? పాట కాళ్ళలో ఉంటాది గానీ గొంతులో ఉంటాదేటి?" అన్నాడు సూరప్పడు.

ఎగిరాడు. తొందరలో తవిటయ్య నన్ను తిరగేసి పెట్టాడు. అందుకని ఆ తప్పెట, ఆ గజ్జెలు, మధ్యలో ఆయాసపడి మళ్ళీ అందుకున్న ఆ గొంతు, అన్నీ నా రెండో పక్క మొదట్లో పడ్డాయి. నేను విన్న మొదటి శబ్దం అదే. తల్లిపాల లాంటిది అనుకోండి.

విశాఖపట్నం హాస్టల్లో నేను తవిటయ్య ట్రంకుపెట్టె అడుగున, చొక్కాల కింద ఉండేదాన్ని. ఎదురుగదిలో మార్కుల సభ జరిగేది. సభకి పెద్ద కామేశం. ప్లీడరు గారబ్బాయి, సొంతంగా పెద్ద టేప్‌డెక్కు ఉన్నవాడు. రెండో పెద్ద డెంజిల్. రైల్వే కాలనీ కుర్రాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుకుంటారు. ఆదివారం అందరూ చేరి ఒక రాక్ ఆల్బమో పాప్ ఆల్బమో మొదటినుంచి చివరిదాకా విని, పదికి ఇంతని మార్కు వేసి, ఎందుకు వేశారో చెప్పాలి. తవిటయ్య గుమ్మం దగ్గర కూర్చునేవాడు. పాటలో మాటలు సగం అతనికి అందేవి కావు. అడిగితే నవ్వుతారని అడిగేవాడు కాదు. మార్కు మాత్రం కామేశం వేసిందే వేసేవాడు.

"నీ దగ్గర ఏ ఆల్బమూ లేదేంట్రా తవిటీ? ఎప్పుడూ వినడమేనా, వినిపించడం లేదా?" అన్నాడొకరోజు కామేశం.

"ఉంది. వచ్చేవారం తెస్తాను," అన్నాడు తవిటయ్య. లేదు. ఉన్నది నేనొక్కదాన్నే.

మర్నాడు నన్ను పట్టుకుని జగదాంబ జంక్షన్ దగ్గర ఖాదర్ భాయ్ రికార్డింగ్ సెంటర్‌కి వెళ్ళాడు. ఆ రోజుల్లో అదొక పద్ధతి. గోడనిండా రికార్డులుండేవి. కేసెట్ ఇచ్చి, కావలసింది చెప్పి పోతే, రెండురోజుల్లో ఎక్కించి ఇచ్చేవారు. ఖాదర్ భాయ్ ఓడవాళ్ళ దగ్గర కొన్న కొత్త రికార్డు ఒకటి తీశాడు. 'గ్రే హార్బర్' అనే బృందం, ఆల్బం పేరు 'వింటర్ ఫెర్రీ'. తర్వాత నన్ను పెట్టి రెండు పక్కలూ కొంచెం కొంచెం విన్నాడు.

"బాబూ, రెండో పక్క తప్పెట్లున్నాయి. తుడిచేయనా?"

తవిటయ్య గాభరాపడ్డాడు. "వద్దండి! అవి అయ్యాక ఎక్కించండి."

"ఎవరివి బాబూ?"

"తెలీదండి. ముందునించీ ఉన్నాయి."

ఖాదర్ భాయ్ అతని ముఖంలోకి ఒకసారి చూసి, చీటీ రాసిచ్చాడు.

మొదటి పక్క సుఖంగా పట్టింది. రెండో పక్కలో తప్పెట పోగా మిగిలిన చోట్లో చివరి పాట పట్టలేదు. మామూలు దుకాణంవాడైతే వదిలేసేవాడు. పాట మాట మధ్యలో టక్కున తెగిపోయేది. ఖాదర్ భాయ్‌కి అది తలవంపు. నా టేపు చివరికొస్తోందని చక్రం చూసి పోల్చుకుని, శబ్దం తగ్గించే బొత్తాం మీద రెండు వేళ్ళు పెట్టి, నెమ్మదిగా, అతినెమ్మదిగా తిప్పాడు. పాటలో రేవు ఒడ్డున ఒకడు, పడవెక్కిన ఆవిడని, నా కోసం ఆగవా అని అడుగుతూ ఉంటాడు. ఆ గొంతు సన్నబడి, సన్నబడి, మంచులో కలిసిపోయింది. తవిటయ్య వచ్చినప్పుడు ఈ ముక్క చెబుదామనే అనుకున్నాడు ఖాదర్ భాయ్. దుకాణం నిండా జనం. నా వీపున ఉన్న రెండు ప్లాస్టిక్ పలుకులు విరిచేసి, ఇక దీనిమీద ఎవరూ ఎక్కించలేరు బాబూ అని చెప్పి, చేతిలో పెట్టేశాడు.

ఆదివారం సభలో రెండో పక్క పెట్టగానే, తవిటయ్య ముందుకి తిప్పేలోపే తప్పెట మోగింది.

"ఒరే, ఈ గంగిరెద్దు మేళం ఏంట్రా!" అని కామేశం పడి పడి నవ్వాడు.

"ఏదో పాత చెత్త. మిగిలిపోయింది," అన్నాడు తవిటయ్య, బొత్తాం నొక్కుతూ.

నా మీద దుమ్ము పడింది, ఎండ పడింది, ఒకసారి కాఫీ కూడా పడింది. ఏదీ ఆ మాటంత లోపలికి దిగలేదు.

చివరి పాట మంచులో కలిసిపోయింది. అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి తవిటయ్య నోరు విప్పాడు. "వాడు ఆగమని అడిగాడు. ఆవిడ జవాబు చెప్పిందేమో కూడా. మనకి వినపడేలోగా పడవ దూరమైపోయింది. ఇది పాట అయిపోవడం కాదు, పాట వెళ్ళిపోవడం." మాటలు సగమే అందిన పాటలో చివరి నిశ్శబ్దం అతనికి పూర్తిగా అందింది మరి. తవిటయ్య ఎవరివైపూ చూడకుండా పదేశాడు. కామేశం తొమ్మిదేశాడు. డెంజిల్ పదేశాడు. ఆ రోజునుంచి తవిటయ్య గుమ్మం దగ్గర కూర్చోలేదు. హాస్టలంతా నా నుంచే నకళ్ళు తీసుకున్నారు, తప్పెట వదిలేసి. డెంజిల్ తన నకలు తను ప్రేమించిన గ్లోరియాకి వినిపించి, ఆ చివరి నిశ్శబ్దంలోనే పెళ్ళి మాట అడిగాడని తర్వాత తెలిసింది.

ఏళ్ళు గడిచాయి. తవిటయ్య ఇంజనీరయ్యాడు, రిటైరయ్యాడు. సూరప్పడు పోయాడు. ఆయన పోయినప్పుడు కూడా తవిటయ్య ఆ పక్క మొదలు వినలేదు. నన్ను అలమరలో నిలబెట్టి, చివరి పాట కోసం ఎప్పుడైనా తీసేవాడు. నన్ను పెట్టగానే వేలు ముందుకి తిప్పే బొత్తాం మీదికే పోయేది.

ఈమధ్య కామేశానికి పాత సరదా పుట్టింది. జుట్టు తెల్లబడ్డవాళ్ళంతా నెలకోసారి తన మేడమీద చేరి ఎనభైల ఆల్బంలు మళ్ళీ విని, మళ్ళీ మార్కులు వెయ్యాలన్నాడు. కొన్నిటి పరువు పోయింది. కొన్నిటికి కొత్తగా గౌరవం పెరిగింది. అప్పట్లో పదేసినవాళ్ళే ఇప్పుడు నాలుగేసి, కుర్రతనంలో చెవులు పనిచెయ్యవని నవ్వుకున్నారు. తవిటయ్య వంతు వచ్చినప్పుడు కామేశం అతనికి తెలియకుండా 'వింటర్ ఫెర్రీ' అసలు రికార్డు తెప్పించాడు. స్నేహితుడిని సంతోషపెడదామనే, పాపం.

తవిటయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో నన్ను పెట్టుకుని వెళ్ళాడు. రికార్డు పెట్టేముందు లేచి నిలబడి ఆ ముగింపు గురించి చక్కగా, నెమ్మదిగా మాట్లాడాడు. జవాబు రాకపోవడమే ఆ పాటకి ప్రాణం అన్నాడు. తన బతుకులో తనంతట తాను వేసిన మొదటి మార్కు దానికేనన్నాడు. అందరూ తలలూపారు.

చివరి పాట వచ్చింది. రేవు ఒడ్డున గొంతు, ఆగవా అని అడిగింది. తవిటయ్య కళ్ళు మూసుకున్నాడు. గొంతు సన్నబడలేదు. పైగా పెరిగింది. ఒక ఆడగొంతు, వస్తున్నానుండవోయ్ అన్నంత హుషారుగా జవాబు చెప్పింది. చప్పట్లు, బాకాలు, పిల్లల కోరస్. లలలా అంటూ అందరూ కలిసి ఒడ్డుకొచ్చేశారు.

"ఒరే తవిటీ, నీ పడవ వెనక్కొచ్చేసిందిరా!" అన్నాడు కామేశం. మేడంతా నవ్వు.

"నాకెప్పుడో డౌటే మ్యాన్," అన్నాడు డెంజిల్, టీ కప్పులోకి చూస్తూ. "అలా సగంలో ఎవడైనా ఆపుతాడా?" నలభయ్యేళ్ళు తలూపిన తలలన్నీ ఇప్పుడు ఈ మాటకి ఊగాయి. డౌటు రానివాడు తవిటయ్య ఒక్కడే మిగిలాడు.

జేబులో అతని గుండె నాకు తగులుతోంది. తప్పు నీది కాదు నాయనా, నా పొట్ట చిన్నది అని చెబుదామంటే, మీట నొక్కనిదే నాకు నోరు లేదు.

"మార్కు చెప్పాలి మరి," అన్నారెవరో.

"ఆరు," అన్నాడు తవిటయ్య. టీ తాగకుండానే దిగిపోయాడు. ఇంటికెళ్ళి నన్ను అలమరలో పెట్టలేదు. చచ్చిన బ్యాటరీలు, తాళం లేని తాళంచెవులు ఉన్న సొరుగులో వేసి మూసేశాడు. అక్కడ నాకు తగిన సాంగత్యమే దొరికింది.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం సొరుగు బయట డెంజిల్ గొంతు వినపడింది.

"రికార్డు కామేశం దగ్గర అడిగి ఇంటికి పట్టుకెళ్ళాను మ్యాన్. గ్లోరియా విని, ఎవరి పాట ఇది, ఆపు అంది. మన పాట జవాబు లేకుండా ఆగింది కాబట్టే ఆ జవాబు నేను చెప్పాను, ఇక్కడ వేరే ఆవిడెవరో చెప్పేస్తోంది అని తిట్టింది. నా నకలు ఎప్పుడో నలిగిపోయింది. తవిటి దగ్గరికి పోయి క్షమాపణ చెప్పి, మన పాట పట్టుకు రా, లేకపోతే రాకు అంది." చివరికి అసలు మాటకొచ్చి, "ఆ రోజు అబద్ధమాడాను రా. డౌటూ లేదు, ఏమీ లేదు," అన్నాడు.

తవిటయ్య లేచొచ్చాడు. సొరుగు తీశాడు. పాత టేప్‌రికార్డరు దుమ్ము తుడిచి, నన్ను రెండో పక్కకి తిప్పి పెట్టాడు. డెంజిల్ తన ఫోను ముందుపెట్టి ఎక్కించడానికి సిద్ధం చేశాడు. తవిటయ్య వేలు అలవాటుగా ముందుకి తిప్పే బొత్తాం మీదికి వెళ్ళింది. అక్కడే కాసేపు ఆగింది. తర్వాత పక్క మీట నొక్కింది.

తప్పెట మోగింది. గజ్జెలు ఎగిరాయి.

"వేరే పక్క పెట్టావేమో," అన్నాడు డెంజిల్.

"కాదు, ఇదే."

"గంగిరెద్దు మేళం కదూ? చెత్త అన్నావ్ అప్పుడు."

"అన్నాను." తవిటయ్య గొంతు తగ్గింది. "మా అయ్యరా అది. ఆ గజ్జెలు ఆయన కాళ్ళవి. ఆయన ఆక్రమించిన చోటు వల్లే చివరి పాట పట్టలేదు. ఖాదర్ భాయ్ నెమ్మదిగా తగ్గించుంటాడంతే. అసలు రికార్డు విన్నాక లెక్కేసుకుంటే తెలిసింది. నేను మీ అందరి ముందూ పొగిడిన ముగింపు ఈళ్ళిద్దరిదీని."

ఫోను ఆపబోయిన డెంజిల్ చెయ్యి వెనక్కి వచ్చింది. సూరప్పడు ఆయాసపడి, మళ్ళీ అందుకున్నాడు. ఏళ్ళ అలవాటు కాబోలు, డెంజిల్ మెల్లగా అడిగాడు. "ఎన్ని మార్కులు?"

"ఆయనకి నేనేసేదేటి?" అన్నాడు తవిటయ్య, తల ఎత్తకుండా. "ఆయన నాకెన్నేత్తాడో అడుగు."

డెంజిల్ ఫోనుని టేప్‌రికార్డరుకి ఇంకాస్త దగ్గరికి జరిపాడు. నా చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. తప్పెట అయ్యాక పడవ పాటలు రావాలి, చివర ఖాదర్ భాయ్ రెండు వేళ్ళు రావాలి, చాలా సేపు పడుతుంది. నా పొట్ట చిన్నదన్న సిగ్గు నాకు పోలేదు, పోదు కూడా. కానీ ఆ సాయంత్రం నన్ను ముందుకి పరిగెత్తించినవాళ్ళు ఎవరూ లేరు.