నీరజ ఖాళీగా ఉన్న రెండేళ్లు

బరంపురం బజారులో కూర్మారావు పప్పులూ ఉప్పూ అమ్మే టోకు కొట్టు ముందు లారీ ఆగి ఉంది. పాత్రపూర్ నుంచి వచ్చిన మినుముల బస్తాలు దిగుతున్నాయి. కూర్మారావు కూతురు నీరజ ఒక బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి, ఒకటి పంటి కింద కొరికి చూసి, తడిసిన సరుకు పక్కన పెట్టమని హమాలీలకు ఒడియాలో చెప్పింది. సరిగ్గా అప్పుడే ఆమె ఫోనుకు వీసా కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. చదువు కోసం ఐర్లాండ్ వెళ్లాలనుకున్న నీరజకు వీసా ఇవ్వలేమని అందులో ఉంది.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఏం చేశారన్నదానికి ఇచ్చిన వివరణ నమ్మేలా లేదట. నీరజ దాన్ని మళ్లీ చదివింది. ఇంతకీ ఆ రెండేళ్లు తాను ఏం చేసినట్టు? ఎంత ఆలోచించినా ఆమెకు తోచలేదు.

పాఠకులు ఆ పిల్లను వెర్రిబాగులది అనుకోవద్దు. కూర్మారావు పక్షవాతంతో మంచం పట్టినప్పుడు కొట్టు తాళాలు అందుకున్నది ఆమే. ఆయన లేచి తిరిగేదాకా, ఆ రెండేళ్లూ కొట్టు ఒక్కరోజు మూతపడలేదు. కానీ దరఖాస్తు నింపిన కన్సల్టెన్సీ మనీష్ "కొట్లో కూర్చుంటే దాన్ని ఖాళీ అంటారు" అని తేల్చేసి, భువనేశ్వర్‌లో ఏదో కంపెనీలో ఉద్యోగం చేసినట్టు సర్టిఫికెట్టు పుట్టించాడు. ఇంట్లో ఎవరూ కాదనలేదు. సొంత కొట్లో ఇంటి పిల్ల కూర్చుంటే దాన్ని ఉద్యోగమని ఎవరంటారు?

అప్పీలు చేసుకోవచ్చని ఉత్తరం చివర ఉంది. దాంతో ఇంట్లో గందరగోళం మొదలైంది.

"ఏటే, అప్పీలంటే కోర్టుకెల్లాలా?" అంది తల్లి జయలక్ష్మి.

"కోర్టు కాదమ్మా, రాసి పంపడమే."

"ఏటి రాయాలంట?"

"అదే తెల్డం లేదు."

పెద్దమనుషుల చేత ఒక సిఫార్సు ఉత్తరం రాయిస్తే సరిపోతుందని కూర్మారావు నమ్మకం. మనీష్ ఫోన్ చేసి, అదే కంపెనీ పేరుతో జీతం స్లిప్పులు కూడా పెడదామన్నాడు. "అబద్ధమని ఒప్పుకున్నావా, ఇంక జన్మలో వీసా రాదు" అని బెదిరించాడు కూడా. నీరజ బుర్ర వేడెక్కిపోయింది. అబద్ధం మీద అబద్ధం చెబితే దొరికిపోతానని భయం. పోనీ నిజం చెబుదామంటే, అది చెప్పుకోదగ్గ నిజమో కాదో తెలియదు.

చివరికి తండ్రిని వెంటబెట్టుకుని, కాలేజీలో తనకు కామర్స్ చెప్పిన సాయిపద్మ మేడమ్ ఇంటికి వెళ్లి, దొంగ సర్టిఫికెట్టు సంగతితో సహా జరిగిందంతా చెప్పింది.

"ఆ రెండేళ్లూ ఏం చేసేదానివో చెప్పు" అందావిడ.

"ఏటుంది మేడమ్, కొట్లో కూసునేదాన్ని."

"కూర్చుని?"

నీరజ తడబడుతూ మొదలుపెట్టింది. ఏ సరుకు ఎప్పుడు తెప్పించాలో చూసుకునేది. తడిసింది వెనక్కి పంపేది. హుమ్మ ఉప్పు మడుల నుంచి లారీలు వానలకు ముందే వచ్చేలా మాట్లాడేది. తుఫాను హెచ్చరిక వస్తే బస్తాలన్నీ ఎత్తులో ఉన్న గోడౌనుకు మార్పించేది. చెబుతున్నకొద్దీ ఇదంతా చేసింది తానేనా అని ఆమెకే వింతగా ఉంది.

"సరుకు నిల్వ, రవాణా! నువ్వు ఐర్లాండ్‌లో చదవబోయేది ఇదే కదే పిల్లా!" అంటూ సాయిపద్మ కూర్మారావు వైపు తిరిగింది. "తప్పుడు సర్టిఫికెట్టు పెట్టామని ఒప్పుకుని, ఈ నిజం రాయండి. వీసా వస్తుందని నేను మాట ఇవ్వలేను. ఈ సంగతి మొదటే ఎందుకు చెప్పలేదని మాత్రం వాళ్లు తప్పకుండా అడుగుతారు. కొట్టు యజమానిగా దానికి జవాబు మీరే రాయాలి."

కూర్మారావు కలం అందుకున్నాడు. తప్పంతా మనీష్ మీదకు తోసేద్దామని ఒక క్షణం అనిపించింది. కానీ చెయ్యి ఆడలేదు.

"ఏటి రాయను మేడమ్? అది పనని నేనే అనుకోలేదు. నన్ను సూడ్డానికొచ్చినోల్లు కొట్టెవరు సూస్తన్నారని అడిగితే, ఎవులూ లేరు, పిల్ల కూసుంటంది అనీవోన్ని." ఆయన కూతురి వైపు తిరిగాడు. "నీరజా, నిన్ను ముందు కాదన్నది ఆల్లు కాదమ్మా, నేనే."

నీరజకు ఏడుపొచ్చింది. తండ్రి మీద కోపంతోనో, అన్నాళ్లకు ఆ మాట విన్న సంతోషంతోనో ఆమెకే తెలియలేదు.

"ఇప్పుడన్నారే, అదే రాయండి" అంది సాయిపద్మ.

ఆయన అదే రాశాడు. నీరజ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి అప్పీలుతో పంపింది. అప్పీలు నెగ్గిందా అని మీరడగవచ్చు. జవాబు ఇంకా రాలేదు. వీసా ఇవ్వడమూ మానడమూ పరాయి దేశం వాళ్ల చేతిలో ఉంది. మన ఇంటి ఆడపిల్ల చేసిన పనిని పని అని నలుగురిలో చెప్పడం మాత్రం మన చేతిలోనే ఉంది.